జాబితా రాయడం జూదం కాదు

ఐపీఎల్ దగ్గర పడిందంటే నంగునూరులో నలుగురు పిలగాండ్లు నోట్‌బుక్ ముందేసుకుని ఆటగాళ్ల పేర్లు రాసుకుంటారు. అది చూసిన పెద్దలు అనే మాట ఒక్కటే: "ఏందిరా, మళ్ల బెట్టింగ్ మొదలువెట్టిన్రా?" ఒక్క మా ఊరి మాట కాదిది. ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల ఆటకు వచ్చే పాయింట్లతో పోటీపడే ఫాంటసీ అంటేనే పందెమని, పేర్ల జాబితా పట్టుకున్నవాడు రేపో మాపో అప్పుల పాలవుతాడని జిల్లా అంతటా అనుకుంటున్నారు. ఈ అభిప్రాయం తప్పు. దాని వెనకున్న భయం మాత్రం తప్పు కాదు. బెట్టింగ్ యాప్‌లలో మునిగి ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు చదివిన ఏ తల్లికైనా, తండ్రికైనా కొడుకు చేతిలో ఆ కాగితం కనబడితే గుండె జారుతుంది.

అందుకే డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం పేరుతో ఉన్న మినహాయింపును ఎత్తేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నేరమే అంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. ఫాంటసీ యాప్ డ్రీమ్11లో డబ్బు పోటీలు ఆ నెలలోనే ఆగిపోయాయి. ఈ రెండు చట్టాలూ చేయాల్సినవే, ఆలస్యంగా వచ్చినవే. అయితే అదే కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌నూ, పందెం లేని సోషల్ గేమ్స్‌నూ విడిగా పెట్టింది. చట్టానికి కనబడిన తేడా మనకెందుకు కనబడదు?

కనబడకుండా చేసింది యాప్ కంపెనీలు. ఫాంటసీలో నైపుణ్యం ఉంది కాబట్టి డబ్బు పెట్టొచ్చన్నది వాళ్ల వాదన. ఆ వాదనకు ఊతమిచ్చిన కేసు ఒకటి మన సికింద్రాబాద్‌దే. 1963లో అక్కడి ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో తీర్పు వచ్చింది. యాప్‌లవాళ్లు ఆ ఒక్క ముక్క పట్టుకుని వ్యాపారం నడిపారు. నైపుణ్యం ఉంటే పందెం ఒప్పేనని కంపెనీలు, పందెం తప్పు కాబట్టి నైపుణ్యమే లేదని పెద్దలు. ఇద్దరూ కలిసి జాబితాను డబ్బుకు కట్టేశారు. ఆ ముడి విప్పొచ్చు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ నడిపే ఫాంటసీ ఫుట్‌బాల్‌లో కోటికి పైగా జట్లు నమోదవుతాయి. చేరడానికి పైసా కట్టనక్కర్లేదు.

ఇక అసలు జాబితా దగ్గరికి వద్దాం. డ్రీమ్11 పోటీల్లో కోహ్లీని అందరూ తీసుకునే వీలుండేది. అమెరికాలో అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ ముందు స్నేహితులు, ఆఫీసువాళ్లు కూర్చుని, వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ వేరు. అక్కడ ఒక ఆటగాడు ఒక్కరికే. మొదటి రౌండులో చివర ఎంచుకున్నవాడు రెండో రౌండులో ముందు ఎంచుకుంటాడు. ఎనిమిదిమంది ఆడితే, మొదటి వంతు దొరికినవాడికి మళ్లీ వంతు వచ్చేలోపు పద్నాలుగు పేర్లు పోతాయి. ఆ పద్నాలుగు ఏవో ఊహించకుండా రాసిన జాబితా అక్కరకు రాదు. ఐపీఎల్‌తో ఇదే పద్ధతిలో, పైసా లేకుండా, నోట్‌బుక్ మీద ఆడుకోవచ్చు.

గొప్ప ఆటగాళ్లను వరుసగా రాస్తే జాబితా అయిపోతుందనుకుంటారు. కాదు. ఎనిమిదిమందికి తలా ఒక కీపర్, నలుగురు బ్యాటర్లు కావాలనుకోండి. అందరికన్నా మంచి బ్యాటర్‌కు సీజన్ మొత్తంలో 600 పాయింట్లు, ముప్పై రెండో బ్యాటర్‌కు 380 వస్తాయని అంచనా వేశారు. మంచి కీపర్‌కు 520, ఎనిమిదో కీపర్‌కు 260. పాయింట్లు చూస్తే బ్యాటరే పైన ఉండాలి. కానీ బ్యాటర్‌ను వదులుకుంటే పోయేది ఎక్కువలో ఎక్కువ 220. కీపర్‌ను వదులుకుంటే 260. కాబట్టి కీపర్ పేరే ముందు రాయాలి. పది జట్లలో గ్లవ్స్ తొడుక్కునేది పదిమందే మరి. ఎవరు ఎంత మంచివాడన్న దానికన్నా, వాడు పోతే మిగిలేది ఎవరన్నది ముఖ్యం. ఈ తీసివేత తొమ్మిదో తరగతి పిల్లవాడు చేయగలడు, చేయాలి కూడా. బడి గైడుల్లో దొరకని లెక్క ఇది.

జాబితా రాయడంలో రెండో కష్టం అభిమానం. సిరాజ్ మనోడు, తిలక్ వర్మ మనోడు, నితీశ్ కుమార్ రెడ్డి మనోడు. వాళ్ల పేర్లు చేతిని పైకి లాగుతాయి. నితీశ్ 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్నాడు. ఆ లెక్కతో 2025లో పైన పెట్టుకున్నవాళ్లకు దక్కింది 182 పరుగులు. అప్పుడే గాయం నుంచి లేచి వచ్చాడు, బౌలింగ్ కూడా పెద్దగా చేయలేదు. పోయినేటి అంకె పక్కన ఈ యేడు ఒంటి సంగతి కూడా రాసుకోవాలని అలాంటి సీజన్ నేర్పుతుంది. ప్రేమించే మనిషి పేరును కిందికి జరపగలగడం చిన్న విద్య కాదు. ఓటు వేసేటప్పుడు, విత్తనం కొనేటప్పుడు మనలో ఎంతమందికి అది చేతనవుతుంది?

నిజంగా కోప్పడాల్సింది టెలిగ్రామ్‌లో రెడీమేడ్ టీములు అమ్మేవాళ్ల మీద. వాళ్ల దగ్గర కొన్న జాబితాలో ఆలోచన పిల్లవాడిది కాదు. ఆలోచన పోయాక వాడికి మిగిలేది పందెమొక్కటే. అక్కడ మాత్రం పెద్దల మాటకు తిరుగు లేదు.

ఫోన్ చూడండి. నిషేధం దాటడానికి లొకేషన్ మార్చే యాప్ కనబడితే, తెలియని ఖాతాలకు డబ్బు పోతుంటే గట్టిగా నిలదీయండి. కాగితం మాత్రం చింపకండి. పక్కన కూర్చుని, ఆ కీపర్‌ను కోహ్లీ కన్నా పైన ఎందుకు పెట్టినవురా అని అడగండి. వాడు సొంతంగా రాసినవాడైతే జవాబు చెప్తాడు.