కాదనగల శాస్త్రవేత్తకు బోర్డులో కుర్చీ కావాలి

వేలికొసన తీసిన కొద్ది చుక్కల నెత్తురుతో వందల పరీక్షలు చేస్తామని చెప్పిన అమెరికా కంపెనీ థెరనోస్ విలువను 2014లో 900 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. ఆ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో హెన్రీ కిసింజర్, జార్జ్ షుల్జ్ ఉన్నారు. ఇద్దరూ విదేశాంగ మంత్రులుగా చేసినవారు. మాజీ రక్షణ మంత్రి విలియం పెర్రీ, మాజీ సెనేటర్ శామ్ నన్, సైన్యంలో జనరల్‌గా పనిచేసిన జేమ్స్ మాటిస్ ఉన్నారు. వైద్యం చదివినవారూ ఒకరిద్దరు లేకపోలేదు. రక్తపరీక్షల యంత్రం తయారీలో చేయి తిరిగినవారు మాత్రం లేరు. కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్ 19 ఏళ్లకే స్టాన్‌ఫర్డ్ చదువు వదిలేశారు. ఆమె తర్వాతి స్థానంలో ఉన్న సన్నీ బల్వానీ సాఫ్ట్‌వేర్ వ్యాపారం నుంచి వచ్చారు.

యంత్రం సరిగా పనిచేయడం లేదని లోపలివాళ్లకు తెలుసు. ప్రయోగశాలలో పనిచేసిన ఎరికా చుంగ్, టైలర్ షుల్జ్ అప్పుడే చదువు ముగించుకొని వచ్చిన పిల్లలు. టైలర్ స్వయానా జార్జ్ షుల్జ్ మనవడు. తన కళ్లతో చూసింది తాతకు చెప్పాడు. తాత మనవడిని కాక హోమ్స్‌ను నమ్మారు. ఆయన దుర్మార్గుడు కాదు. పరీక్ష ఫలితాల పట్టికను తిరగేసి, ఇందులో ఏది తప్పో తనంత తాను తేల్చుకోగల చదువు ఆయనకు లేదు. 2015 అక్టోబరులో వాల్‌స్ట్రీట్ జర్నల్ విలేకరి జాన్ కారీరూ రాసేదాకా తప్పుడు ఫలితాలు రోగుల చేతికి వెళ్తూనే ఉన్నాయి. హోమ్స్‌కు 2022లో 11 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

అయితే బయోటెక్ కంపెనీని శాస్త్రవేత్తే నడపాలా? అలాగని మేం అనడం లేదు. 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్‌ను నెలకొల్పిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. అంతకుముందు బ్యాటరీల పరిశ్రమలో ఉన్నవారు. తల్లి పేరు పెట్టుకున్న ఆ సంస్థే 1997లో దేశంలో తొలిసారిగా జన్యు ఇంజినీరింగ్ పద్ధతిలో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. విదేశీ టీకా కొనలేని ఇళ్లకు ఆ రక్షణ అందింది. ఆయన చేసిన తెలివైన పని, తనకు రాని విద్యను వచ్చినవారికి అప్పగించడం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత పరిశోధన సంస్థ సీసీఎంబీలో చోటు సంపాదించి శాస్త్రవేత్తలను పని చేసుకోనిచ్చారు. 1978లో బెంగళూరులో బయోకాన్ మొదలుపెట్టిన కిరణ్ మజుందార్ షా చదివింది బీరు తయారీ. పులియబెట్టే విద్యే ఎంజైములకూ, ఆ తర్వాత ఇన్సులిన్‌కూ పునాది అయింది. టీకాల సంస్థ బయలాజికల్-ఈని నడుపుతున్న మహిమా దాట్ల చదివింది వ్యాపార నిర్వహణ. భారత్ బయోటెక్ స్థాపకులు కృష్ణ ఎల్ల రైతు కుటుంబంలో పుట్టి, వ్యవసాయ శాస్త్రం చదివి, విస్కాన్సిన్‌లో డాక్టరేట్ చేశారు. దారులు వేరు. కాబట్టి అధిపతి పట్టా ఏమిటన్నది అసలు ప్రశ్న కాదు. నిర్ణయం జరిగే బల్ల దగ్గర, ప్రయోగశాల నిజాన్ని చదవగలిగి, ‘ఇది ఇంకా సిద్ధం కాలేదు’ అని చెప్పి ఆపగల మనిషి ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న.

మనిషి ఉంటే చాలదు, ఆపే అధికారమూ ఉండాలి. మందుల కంపెనీ ర్యాన్‌బాక్సీ ఈ విషయంలో మనకు తగిలిన గాయం. కంపెనీ సమర్పించిన మందుల పరీక్షల వివరాల్లో కల్పితాలున్నాయని అక్కడి ఉద్యోగి దినేశ్ ఠాకూర్ తన నివేదికలో బయటపెట్టారు. పరిశోధన విభాగాధిపతి రాజిందర్ కుమార్ ఆ నివేదికను 2004లో బోర్డు సభ్యుల ముందుంచారు. ఆయన వైద్యుడు, ఆ రంగం ఎరిగినవారు. అయినా ఆయన మాట చెల్లలేదు; రాజీనామా చేసి వెళ్లిపోయారు. 2013 మేలో ఆ కంపెనీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకొని 50 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ తొమ్మిదేళ్లలో ఆ మందులు మింగినవారిని ఎవరూ లెక్కపెట్టలేదు.

డైరెక్టర్లలో ఎవరికి ఏ నైపుణ్యం ఉందో పట్టిక రూపంలో వార్షిక నివేదికలో చూపాలని స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలకు సెబీ నిబంధన పెట్టింది. మంచి నిబంధనే. కానీ ‘నాయకత్వం’, ‘వ్యూహరచన’ అన్న గడుల్లో అందరి పేర్లకూ టిక్కు పెట్టి చేతులు దులుపుకునే వీలు అందులో ఉంది. అంతకన్నా పెద్ద లోటు మరొకటి. మన పిల్లలకు వేసే టీకాల్లో అధిక భాగం తయారుచేసే సీరం ఇన్‌స్టిట్యూట్, భారత్ బయోటెక్, బయలాజికల్-ఈ ఏవీ స్టాక్ మార్కెట్లో లేవు. ఆ నిబంధన వాటికి వర్తించదు. కోట్లమంది శరీరాల్లోకి వెళ్లే మందు విషయంలో, షేరు కొన్నవాడికున్న సమాచార హక్కు సూది వేయించుకున్నవాడికి లేకపోవడం అన్యాయం. ఆ సంస్థలు తప్పు చేస్తున్నాయని మేం అనడం లేదు. అవి మంచివే అయినా వివరాలు బయటపెట్టాల్సిందే.

వెబ్‌సైట్‌లో చిరునవ్వు ఫొటో కింద ‘పాతికేళ్ల అనుభవం’ అని రాస్తే సరిపోదు. ఏ ఏళ్లలో, ఏ మందుపై, ఏ బాధ్యతలో పనిచేశారో చెప్పాలి. పరిశోధన అధిపతి, నాణ్యతా విభాగాధిపతి అమ్మకాల అధికారులను దాటి నేరుగా బోర్డుకు నివేదించే ఏర్పాటు ఉండాలి. వారిలో ఎవరైనా పదవి వదిలితే, ఎందుకు వదిలారో రాతపూర్వకంగా ఔషధ నియంత్రణ సంస్థకు చేరాలి. రాజిందర్ కుమార్ రాజీనామా కారణం ఆనాడే నియంత్రణ సంస్థ బల్ల మీదికి వచ్చి ఉంటే ఎన్ని ఏళ్లు కలిసివచ్చేవో పాఠకులే ఊహించుకోవచ్చు.

కేంద్రం 2012లో నెలకొల్పిన బైరాక్ ద్వారా బయోటెక్ సంస్థలకు ప్రజాధనం అందుతోంది. హైదరాబాద్ శివారులో బయోటెక్ సంస్థలున్న జీనోమ్ వ్యాలీకి స్థలం, సదుపాయాలు సమకూర్చింది ప్రభుత్వాలే. సొమ్ము ఇచ్చేవారికి షరతు పెట్టే హక్కుంది. బైరాక్ తర్వాతి ఒప్పందంలోనే పైన చెప్పిన షరతులు చేర్చాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ భూకేటాయింపు పత్రాల్లోనూ వీటిని రాయాలి.