మాస్కు అడగటం తప్పా?

ఇల్లు అంటుకుంటే 101కి ఫోను చేస్తాం. అగ్నిమాపక సిబ్బంది వస్తారు. పొగ నిండిన గదిలోకి వెళ్ళేవారు వీపున గాలి సిలిండరు తగిలించుకొని, ముఖానికి తొడుగు పెట్టుకొని మరీ వెళ్తారు. "అవేవీ లేకుండానే లోపలికి పో" అని వారితో ఎవరమైనా అంటామా? అనం. పొగ కంటికి కనిపిస్తుంది కదా! మరి కంటికి కనిపించని ప్రమాదం మాటేమిటి?

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ తొలి రోజులలో, నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా ఉన్న సుధాకర్ రావుగారు ఈ మాటే ఎత్తారు. వైద్యులకు చాలినన్ని ఎన్-95 మాస్కులు, రక్షణ దుస్తులు లేవనీ, ఒకే మాస్కును 15 రోజులు వాడమంటున్నారనీ అందరి ఎదుటా చెప్పారు. క్రమశిక్షణ తప్పారంటూ ప్రభుత్వం ఆయనను సస్పెండు చేసింది. మే నెలలో విశాఖపట్నంలో పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టి తీసుకువెళ్ళారు. హైకోర్టు ఆ విషయంపై సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో మరణించారు.

మత్తు డాక్టరుకు మాస్కు అంత అవసరమా? ఊపిరందని రోగి శ్వాసనాళంలోకి గొట్టం వేయవలసింది తరచుగా ఆయనే. అప్పుడు రోగి ముఖంపైకి వంగి నిలబడాలి. రోగి దగ్గితే వైరస్‌తో నిండిన సన్నని తుంపరలు నేరుగా ఆయన ముఖానికే తగులుతాయి.

ఎన్-95ను జల్లెడ అనుకోకండి. అది సన్నని పాలీప్రొపిలీన్ పోగులు చిక్కుపడిన పొర. పెద్ద కణాలు గాలితోపాటు మలుపు తిరగలేక పోగులకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి అటూ ఇటూ తిరుగాడుతూ వాటికి అంటుకుంటాయి. 0.3 మైక్రాన్ల దరిదాపుల్లో ఉన్నవాటిని పట్టటమే కష్టం. అందుకే పోగులకు విద్యుదావేశం ఇస్తారు. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్లు అవి కణాలను లాగుతాయి. ఆ కష్టమైన కణాలలో కూడా కనీసం 95 శాతాన్ని ఆపుతుంది కనుకనే ఆ పేరు. సబ్బునీటితో ఉతికితే ఆవేశం తగ్గిపోతుంది. మాస్కు చూడటానికి మునుపటిలాగే ఉంటుంది, కాపాడటం మాత్రం తగ్గుతుంది. రోజుల తరబడి వాడితే పట్టీలు వదులై, అంచుల సందుల్లోంచి గాలి దూరుతుంది.

ఈ పాఠం కొత్తది కాదు. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు, వూ లియన్-తే అనే వైద్యుడు గుడ్డ, దూది పొరలతో మాస్కులు కుట్టించి అందరినీ ధరించమన్నాడు. మెస్నీ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ మాట వినక, మాస్కు లేకుండా రోగులను పరీక్షించాడు. కొద్ది రోజులకే ప్లేగుతో చనిపోయాడు.

2020లో ప్రపంచమంతటా మాస్కుల కొరత ఉన్న మాట నిజమే. కొరత రావటం ఎవరి నేరమూ కాకపోవచ్చు. కాని కొరత ఉందని చెప్పినవాడిని శిక్షిస్తే, మరునాడు ఇంకెవరు చెబుతారు? జ్వరం చూపిందని థర్మామీటరును పగులగొడితే జ్వరం తగ్గుతుందా? ఒక వైద్యుడు మంచం పడితే ఆయన చేతిమీదుగా బతకవలసిన రోగులందరికీ నష్టమే. 108 అంబులెన్సు డ్రైవరైనా, ఫైరింజనుపై వచ్చేవారైనా, ఆసుపత్రి ఊడ్చేవారైనా అంతే.

కనుక నా అభిప్రాయం ఇది: ప్రతి ఆసుపత్రిలోను, ప్రతి ఫైర్ స్టేషనులోను రక్షణ సామగ్రి ఎంత ఉన్నదీ అందరికీ తెలిసేలా బోర్డుపై రాయాలి. తక్కువైందని చెప్పినవారికి రక్షణ ఉండాలి. మీ ఊళ్ళో ఆ లెక్క ఎంతో ఒకసారి అడిగి చూడండి. అడగటం తప్పు కాదు.