రేటింగ్ 4.8 ఉందా? ఫ్యామిలీ ట్రిప్‌కి అది సరిపోదు!

ఫోన్ కొనేటప్పుడు మనం ఎంత తవ్వుతామో తెలిసిందే. ప్రాసెసర్ ఏది, డిస్‌ప్లే ఏ ప్యానెల్, బాక్స్‌లో ఛార్జర్ ఇస్తున్నారా, ఎన్నేళ్లు అప్‌డేట్స్ వస్తాయి... 15 వేల ఫోన్‌కి కూడా నాలుగు రివ్యూలు చూడందే డబ్బు కట్టం. అదే మనం, ఇంటిల్లిపాది మూడు రాత్రులు ఉండబోయే అపార్ట్‌మెంట్‌ని మాత్రం ఐదు ఫొటోలు, ఒక రేటింగ్ చూసి పది నిమిషాల్లో బుక్ చేసేస్తాం. ఖర్చు దాదాపు అంతే. పైగా ఫోన్ నచ్చకపోతే అమ్మేసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, నాలుగు బ్యాగులతో, లిఫ్ట్ పనిచేయని బిల్డింగ్ కింద రాత్రి 11 గంటలకి నిలబడితే ఏ రిటర్న్ పాలసీ కాపాడుతుంది?

ఇంట్లో "ఫోన్లు బాగా తెలిసినవాళ్లు" మనమే కాబట్టి ఈ పని ఎలాగూ మన నెత్తినే పడుతుంది. నాకూ పడింది. హైదరాబాద్ నుంచి ముంబై, మొత్తం ఆరుగురం: అమ్మ, నాన్న, అక్క, బావ, వాళ్ల ఏడేళ్ల పాప, నేను. రెండు వారాలుగా లిస్టింగ్స్ చూస్తూనే ఉన్నాను. నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఈ యాప్స్ ఇద్దరు ఫ్రెండ్స్‌కో, ఒక జంటకో అయితే బాగానే పనిచేస్తాయి. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఫ్యామిలీకి ఏం కావాలో అది వాటి స్పెక్ షీట్‌లో సరిగ్గా ఉండదు. మనమే అడిగి, టెస్ట్ చేసి రాబట్టాలి.

ముందు రేటింగ్ సంగతి. 5కి 4 అంటే మామూలుగా మనకి "బాగుంది" అనే అర్థం. ఇక్కడ అలా కాదు. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం 4.6కీ 4.9కీ మధ్యే ఉన్నాయి. అన్ని ఫోన్లకీ 50 మెగాపిక్సెల్ కెమెరా ఉన్నట్టే ఇది. నంబర్ ఉంది కానీ దాంతో తేడా తెలీదు. పైగా ఇంటి ఓనర్ మనతో నవ్వుతూ మాట్లాడి, వాటర్ బాటిల్ చేతిలో పెట్టాక మూడు స్టార్లు ఇవ్వడానికి చాలామందికి మొహమాటం. అందుకే నేను స్టార్లు వదిలేసి రివ్యూల్లో పదాలు వెతుకుతాను: లిఫ్ట్, వాటర్, గీజర్, స్మెల్, నాయిస్. ఏ నెలలో రాశారో కూడా చూస్తాను. ఏసీ సంగతి మే నెల రివ్యూల్లో తెలుస్తుంది. ముంబై ఇంటి గోడల చెమ్మ సంగతి జూలై, ఆగస్టు రివ్యూల్లో బయటపడుతుంది. ఫిబ్రవరిలో వెళ్లినాయన రాసిన "సూపర్ స్టే" మనకి దేనికీ పనికిరాదు.

ఫొటోలో టైల్స్ లెక్కపెట్టండి

ఇది మన సబ్జెక్టే. లిస్టింగ్ ఫొటోల్లో చాలా భాగం అల్ట్రావైడ్ లెన్స్‌తో తీసినవే. ఫోన్ మెయిన్ కెమెరా సాధారణంగా 24 నుంచి 26 ఎంఎం దగ్గర ఉంటే, 0.5ఎక్స్ లెన్స్ 13 ఎంఎం దగ్గర ఉంటుంది. గది మూలలో నిలబడి దాంతో తీస్తే అగ్గిపెట్టంత రూమ్ కూడా హాల్‌లా కనిపిస్తుంది. ఎలా పట్టుకోవాలి? ఫ్రేమ్ అంచుల్లో చూడండి. మంచం ఒక మూల సాగినట్టుంటుంది, ఫ్రిజ్ పక్కకి ఒరిగినట్టుంటుంది, సీలింగ్ ఫ్యాన్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది.

అంతకన్నా నమ్మకమైన చిట్కా ఒకటి ఉంది. మన దగ్గర ఫ్లాట్లలో ఎక్కువగా వేసేది రెండడుగుల చదరపు విట్రిఫైడ్ టైల్స్. ఫొటోలో గోడ నుంచి గోడకి ఎన్ని టైల్స్ ఉన్నాయో లెక్కపెట్టండి. ఐదు, ఆరు వచ్చాయంటే అది సుమారు 10 అడుగులకి 12 అడుగుల గది. అందులో డబుల్ కాట్ వేశాక, కింద ఇంకో పరుపు పరిస్తే బాత్రూమ్‌కి వెళ్లే దారి ఉండదు. లెన్స్ ఎంత అబద్ధం చెప్పినా టైల్స్ సంఖ్య మారదు కదా! అన్ని గదుల్లో టైల్స్ కనిపించకుండా కార్పెట్లు, క్లోజప్‌లు, కాఫీ కప్పు ఫొటోలే ఉన్నాయంటే నేను ఆ లిస్టింగ్‌ని అక్కడే వదిలేస్తా.

"ఆరుగురికి సరిపోతుంది" అనే మాట కూడా ఇలాంటిదే. రెండు మంచాలు, ఒక సోఫా కమ్ బెడ్ కలిపితే ఆరు అని వాళ్ల లెక్క. ఆ సోఫా మీద ఎవరు పడుకోవాలి? మా ఇంట్లో అయితే నేనే. అది సరే, కానీ బాత్రూమ్‌లు ఎన్ని? ఉదయం 8 గంటలకి బయల్దేరాలంటే ఆరుగురికి ఒక బాత్రూమ్ అసలు కుదరదు. గీజర్ ఎన్ని లీటర్లదో కచ్చితంగా అడగండి. ఇన్‌స్టంట్ గీజర్లు చాలావరకు 3 లీటర్లవి. 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ ఉంటే పెద్దవాళ్ల స్నానాలకి బకెట్ త్వరగా నిండుతుంది. లిస్టింగ్‌లో మాత్రం రెండింటికీ "హాట్ వాటర్" అనే ఒక్క టిక్ మార్కే ఉంటుంది. బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ అని చెప్పకుండా "బ్యాటరీ ఉంది" అన్నట్టు!

పవర్ బ్యాకప్ కూడా అంతే. "బ్యాకప్ ఉంది" అంటే ఒక్కోసారి బిల్డింగ్ జనరేటర్ మీద లిఫ్ట్, మెట్ల లైట్లు నడుస్తాయని మాత్రమే అర్థం. ఫ్లాట్ లోపల ఇన్వర్టర్ ఉన్నా ఏసీ, ఇండక్షన్ స్టవ్ దాని మీద నడవవు. రౌటర్‌కి కనెక్షన్ ఉందో లేదో అడగండి. "హై స్పీడ్ వైఫై" అనే మాటని నేను అస్సలు లెక్కలోకి తీసుకోను. బెడ్‌రూమ్ తలుపు వేసి, అక్కడ్నుంచి స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపమంటాను. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటేసరికి బాగా తగ్గిపోతుంది కాబట్టి రౌటర్ పక్కన తీసిన 200 ఎంబీపీఎస్ వల్ల ఉపయోగం లేదు. బావకి ఒకరోజు ఆఫీస్ కాల్ ఉంది మరి.

స్మార్ట్ లాక్ విషయంలో నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు. గ్యాడ్జెట్స్ అంటే పడిచచ్చే నేనే చెప్తున్నా, ఫ్యామిలీ ట్రిప్‌లో మామూలు తాళం చెవే బెస్ట్. కోడ్ ఒక్కరి వాట్సాప్‌లో ఉంటుంది, అమ్మానాన్న ముందు రూమ్‌కి వచ్చేస్తే తలుపు తెరవలేరు. లాక్ ఉన్నదే బుక్ చేయాల్సివస్తే రెండు అడగండి: కోడ్ పిన్‌లా నొక్కితే సరిపోతుందా లేక యాప్ కావాలా, బ్యాటరీ అయిపోతే దారేంటి? చాలా స్మార్ట్ లాక్స్‌కి కింద భాగంలో 9 వోల్ట్ బ్యాటరీ ఆనించే పాయింట్స్ గానీ, టైప్ సీ పోర్ట్ గానీ ఉంటుంది. పవర్ బ్యాంక్ పెట్టి తెరవచ్చు. ఓనర్‌కే ఆ సంగతి తెలియకపోతే ఇక మీరే ఆలోచించుకోండి.

మ్యాప్‌లో ఆ గుండ్రం

బుక్ చేసేదాకా ఎయిర్‌బీఎన్‌బీ లాంటి యాప్స్‌లో సాధారణంగా కచ్చితమైన అడ్రస్ కనిపించదు, సుమారు ప్రాంతం చూపిస్తారు. ప్రైవసీ కోసం అది సబబే. కానీ ఆ గుండ్రంలో ఒక అంచున మెట్రో స్టేషన్ ఉంటే, రెండో అంచున ఫ్లైఓవర్ అవతలి గల్లీ ఉండొచ్చు. దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏంటో ఓనర్‌ని అడిగి, గూగుల్ స్ట్రీట్ వ్యూలో నడిచి చూడండి. 2022 జూలైలో ఇండియాలో స్ట్రీట్ వ్యూ మొదలైనప్పుడు తొలి పది నగరాల్లో ముంబై, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై అన్నీ ఉన్నాయి. ఫుట్‌పాత్ ఉందా, గేటు ముందు మెట్లెన్ని, కింద బార్ ఉందా... అన్నీ దాదాపు కనిపిస్తాయి. ఫొటో ఎప్పటిదో ఒకసారి చూసుకోండి, అంతే. మా నాన్నకి కావాల్సింది పొద్దున్నే టీ కొట్టు. అది ఏ యాప్ ఫిల్టర్‌లోనూ లేదు, స్ట్రీట్ వ్యూలో దొరికింది.

"గేట్‌వే ఆఫ్ ఇండియాకి 30 నిమిషాలు" అని రాస్తే, ఎప్పుడు 30 నిమిషాలు అనేది ప్రశ్న. గూగుల్ మ్యాప్స్‌లో బయల్దేరే టైమ్ సెట్ చేసి, వారం మధ్యలో ఉదయం 9 గంటలకి ఎంత చూపిస్తుందో చూడండి. అంధేరి నుంచి గేట్‌వేకి సుమారు 25 కిలోమీటర్లు. రాత్రి 12కి అరగంటేమో గానీ, పగలు దాని లెక్కే వేరు. నేనైతే ఇప్పుడు మెట్రో 3 లైన్ పక్కనే వెతుకుతున్నా. 2025 అక్టోబర్ నుంచి అది ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా పూర్తిగా నడుస్తోంది, సీఎస్‌ఎంటీ దగ్గరా స్టేషన్ ఉంది. లోకల్ ట్రైన్ రద్దీలో అమ్మని ఎక్కించడం కన్నా స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఫ్లాట్‌కి రాత్రికి 1,000 రూపాయలు ఎక్కువ ఇవ్వడం నయం. ఆరుగురికి రోజూ రెండు క్యాబ్‌లు కావాలని గుర్తుపెట్టుకుంటే ఆ వెయ్యి అక్కడే మిగులుతుంది.

చెక్ ఇన్ టైమ్ చూడటం కూడా మర్చిపోవద్దు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే సీఎస్‌ఎంటీలో తెల్లవారుజామునే దిగుతాం. చాలా ఫ్లాట్స్‌లో చెక్ ఇన్ మధ్యాహ్నం 2 గంటలకి. మధ్యలో ఆ ఎనిమిది తొమ్మిది గంటలు పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? ముందురోజు రాత్రికి కూడా డబ్బు కట్టాలా, సగానికి ఒప్పుకుంటారా అనేది బుకింగ్‌కి ముందే, యాప్ చాట్‌లోనే రాయించుకోండి. ఫోన్‌లో "చూద్దాం సార్" అన్నది లెక్కలోకి రాదు.

కెమెరాలు, ఆధార్: ఇక్కడ రాజీ వద్దు

ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల సెక్యూరిటీ కెమెరాలని ప్రపంచమంతటా నిషేధించింది. హాల్‌లో పెడతామని ముందే చెప్పినా సరే, కుదరదు. గేటు దగ్గర, బయట పెట్టొచ్చు, అది కూడా ముందే చెప్పాలి. మీరు వేరే యాప్‌లోనో, నేరుగా వాట్సాప్‌లోనో బుక్ చేస్తుంటే అక్కడి రూల్ ఏంటో మీరే అడగాలి.

లోపలికి వెళ్లగానే చేసే చెకింగ్ గురించి ఇంటర్నెట్‌లో బోలెడు చిట్కాలున్నాయి. ఫోన్‌తో చేయగలిగేవి ఇవీ. లైట్లన్నీ ఆపి, ఫ్రంట్ కెమెరాతో గదంతా తిప్పి చూస్తే ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ వెలుగు తెల్లగానో ఊదాగానో కనిపించొచ్చు. వెనక కెమెరాల్లో ఐఆర్ ఫిల్టర్ బలంగా ఉంటుంది కాబట్టి ఫ్రంట్ కెమెరానే వాడాలి. ముందు మీ టీవీ రిమోట్ మీద ట్రై చేస్తే మీ ఫోన్‌కి అది కనిపిస్తుందో లేదో తెలిసిపోతుంది. ఫ్లాష్‌లైట్ వేసి, మంచానికీ బాత్రూమ్‌కీ ఎదురుగా ఉన్న గడియారం, స్మోక్ అలారం, ఛార్జర్ అడాప్టర్ల మీద లెన్స్ మెరుపు కోసం చూడండి. ఫింగ్ లాంటి యాప్‌తో వైఫైలో ఏ డివైస్‌లు ఉన్నాయో చూడొచ్చు. కానీ మెమరీ కార్డ్‌లోకే రికార్డ్ చేసే కెమెరా ఆ లిస్ట్‌లో రాదు, వేరే నెట్‌వర్క్‌లో ఉన్నదీ రాదు. అంటే యాప్‌లో ఏమీ కనిపించలేదని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఏదైనా దొరికితే పీకేయొద్దు. వీడియో తీసి, బయటికి వచ్చి, యాప్‌కీ 112కీ చెప్పండి. ఐటీ చట్టం సెక్షన్ 66ఈ కింద ఇది మూడేళ్ల దాకా జైలు పడే నేరం.

ఇక ఆధార్. ఐడీ చూపించడం తప్పేం కాదు. కానీ వారం ముందే "ఆరుగురి ఆధార్ రెండు వైపులా వాట్సాప్ చేయండి" అంటే నేను ఒప్పుకోను. మాస్క్‌డ్ ఆధార్‌లో మొదటి 8 అంకెలు దాచి, చివరి 4 మాత్రమే చూపిస్తారు. యూఐడీఏఐ సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. దాని మీద "ఫలానా బుకింగ్ కోసం మాత్రమే" అని తేదీతో రాసి పంపుతాను. అమ్మానాన్నల ఫోన్ నంబర్, పుట్టిన తేదీ, ఆధార్ మూడూ తెలియని మనిషి ఫోన్ గ్యాలరీలో పడి ఉండటం నాకు ఇష్టం లేదు.

ఒక ఓనర్ అయితే చాట్‌లో "సెక్యూరిటీ అడిగితే మా చుట్టాలమని చెప్పండి" అన్నారు. అంటే ఆ సొసైటీలో షార్ట్ స్టేకి పర్మిషన్ లేదన్నమాట. అర్ధరాత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే నాన్న చేత అబద్ధం చెప్పించాలా? రేటింగ్ 4.9. నేను క్యాన్సిల్ లిస్ట్‌లో పడేశాను. విదేశాలకి వెళ్లేవాళ్లు దీన్ని ఇంకా సీరియస్‌గా చూడాలి. సింగపూర్‌లో ప్రైవేట్ ఇళ్లని మూడు నెలలకన్నా తక్కువకి అద్దెకివ్వడమే చట్టవిరుద్ధం. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి 30 రోజుల లోపు స్టేకి ఓనర్ రిజిస్టర్ చేసుకుని, మీతో పాటు అదే ఇంట్లో ఉండాలి, గెస్టులు ఇద్దరికి మించకూడదు. అక్కడ ఆరుగురికి ఫ్లాట్ చవగ్గా కనిపిస్తోందంటే అనుమానించాల్సిందే.

హోటలే మేలా?

కొన్నిసార్లు అవును. రెండే రాత్రులు అయితే, వంట చేసే ఉద్దేశం లేకపోతే రెండు హోటల్ రూమ్‌లే నయం. లెక్క వేసి చూడండి: ఉదాహరణకి ఫ్లాట్ రాత్రికి 6,000, క్లీనింగ్ ఫీజు 1,800 అనుకుందాం. రెండు రాత్రులకి ఆ ఫీజే రాత్రికి 900 పెంచుతుంది, ఐదు రాత్రులకి 360 మాత్రమే. సర్వీస్ ఫీజు, ట్యాక్స్ కలిపాక చివరి స్క్రీన్‌లో వచ్చే మొత్తాన్నే హోటల్ ధరతో, అది కూడా టిఫిన్‌తో కలిపి, పోల్చాలి. నాలుగు రాత్రులు దాటితే, షుగర్ ఉన్న పెద్దవాళ్లకి టైమ్‌కి ఇంటి తిండి కావాలంటే, పాపకి పాలు వేడి చేయాలంటే ఫ్లాట్ వైపే నా ఓటు. వంటగదిలో కుక్కర్ ఉందా, గిన్నెలు ఎన్ని, గ్యాస్ సిలిండర్ ఉందా అని ఫొటో అడగండి. "కిచెన్ ఉంది" అని చెప్పి ఒక కెటిల్, రెండు కప్పులు పెట్టినవి నేనే మూడు చూశాను.

ప్రస్తుతం నా లిస్ట్‌లో రెండు మిగిలాయి. ఇద్దరినీ గేటు నుంచి లిఫ్ట్ ఎక్కి, బాత్రూమ్ కుళాయి తిప్పేదాకా ఒకే టేక్‌లో వీడియో కాల్ చూపించమన్నాను. ఒకరు అదే సాయంత్రం చూపించారు, లిఫ్ట్‌కి ముందు నాలుగు మెట్లు ఉన్నాయని వాళ్లే చెప్పారు. రెండో వాళ్లు "ఫొటోల్లో అన్నీ ఉన్నాయి కదా" అని రిప్లై పెట్టారు. మొదటిది రాత్రికి 700 ఎక్కువ. ఫ్రీ క్యాన్సిలేషన్ ఉంది, అదే బుక్ చేసి లిస్టింగ్ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.