రియాయత్ వాళ్లకు, కిస్తీ మనోళ్లకు

హుకూమత్ బ్యాటరీ బండ్లకు సబ్సిడీ ఇస్తోంది కదా, ఇంకా నీ షికాయత్ ఏంటి భాయ్ అంటున్నారు కొందరు దోస్తులు. నా షికాయత్ సబ్సిడీ మీద కాదు, అది పోయే రస్తా మీద.

హిసాబ్ చూడండి. 2019 ఏప్రిల్‌లో ఫేమ్-2 మొదలైంది. మొదట 10 వేల కోట్లు, తర్వాత 11,500 కోట్లు. 2024 మార్చితో ఖతం. అదే ఏడాది అక్టోబరు నుంచి పీఎం ఈ-డ్రైవ్, 10,900 కోట్లు. రెండింటి తరీఖా ఒకటే. కొనేవాడికి ధర తగ్గించిన కంపెనీ ఆ పైకాన్ని కేంద్రం నుంచి వసూలు చేసుకుంటుంది. స్కూటర్ బ్యాటరీకి కిలోవాట్ అవర్‌కు 15 వేలున్న సబ్సిడీ 2023 జూన్‌లో 10 వేలైంది. ఈ-డ్రైవ్‌లో మొదటి ఏడాది 5 వేలు, రెండో ఏడాది 2,500. మన తెలంగాణ 2024 నవంబరులో రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫ్ చేసింది, 2026 ఆఖరు దాకా. మంచిదే, కాదనను.

ఇప్పుడు అసల్ సవాల్. డెలివరీ బండి బ్యాటరీది కావాలని ఫైసలా చేసేది ఎవరు? పెద్ద ఆన్‌లైన్ దుకాణాలు. 2021లో నీతి ఆయోగ్ ‘శూన్య’ పేరుతో ప్రచారం పెడితే వచ్చి నిలబడ్డవాళ్లూ వాళ్లే. సామాన్లు మోసే బండి సొంతం కాకపోయినా దాని పొగ కంపెనీ ఖాతాలోకే వస్తుంది. స్కోప్ 3 అంటారు దాన్ని. అంటే పొగ తగ్గితే నేక్‌నామీ కూడా ఆ ఖాతాకే. మరి బండి ఎవరిది? తలాబ్‌కట్టలో మూడో అంతస్తు కిరాయి గదిలో ఉండే నౌజవాన్‌ది. కిస్తీ అతనిదే, లేకపోతే కిరాయి బండికి వారం వారం కట్టే పైసలు అతనివే. ఛార్జింగ్ పెడదామంటే కింద సాకెట్ ఉండదు, ఉన్నా మకాన్‌దార్ ఒప్పుకోడు.

ఉర్దూ మీడియంలో చదివినోణ్ని, సప్లై చైన్ అనగానే నాకు జంజీర్ గుర్తొస్తుంది. దాని ఆఖరి కడీ ఎప్పుడూ మనోడి కాలికే ఉంటుంది!

పెట్రోల్ మిగులుతుంది కదా అంటారు. మిగులుతుంది, నిజమే. కానీ ఆర్డర్‌కు ఎంత ఇవ్వాలో రాసే కలం కంపెనీ చేతిలో ఉంది. బండి ఖర్చు తగ్గిందని తెలిసిన రోజు ఆ రేటు తగ్గించకుండా ఆపే కానూన్ ఏదో ఎవరైనా చూపించండి. అలా తగ్గిస్తే ఖజానా పైసా కుర్రాడి జేబు మీదుగా మాలిక్ జేబులోకి పోయినట్టే కదా.

నా ముతాలబా చిన్నది. ఏ కంపెనీ రిపోర్టులో ఈ బండి వల్ల కార్బన్ తగ్గినట్టు రాసుకుంటారో, ఆ కంపెనీ కిస్తీలో హిస్సా కట్టాలి. బండి కర్జా తీరేదాకా ఆర్డర్ రేటు తగ్గించకూడదు. రాబోయే స్కీం గైడ్‌లైన్స్‌లో ఈ రెండు షర్తులు రాయడానికి కేంద్రం సబ్సిడీ కింద ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వక్కర్లేదు.