ఎక్స్-రే వెతికేది ఒకటి, రక్తపరీక్ష వెతికేది మరొకటి

మే నెల మధ్యలో తెనాలి నుంచి అక్క ఫోన్ చేసింది. వాళ్లబ్బాయికి ఇక్కడ సింగపూర్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చింది, ఆగస్టులో చేరాలి. స్టూడెంట్ పాస్ కోసం మెడికల్ చేయించారు. హెచ్ఐవీ రక్తపరీక్షలో ఏమీ లేదు. ఛాతీ ఎక్స్-రేలో మాత్రం కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న మచ్చ కనిపించింది. "పాతదే అయ్యుండొచ్చు, కానీ కళ్లె పరీక్ష చేయకుండా టీబీ లేదని నేను సంతకం పెట్టలేను" అన్నారట డాక్టరు.

అక్క నన్ను అడిగింది మచ్చ గురించి కాదు. "వేరే ఊళ్లో తీయిస్తే శుభ్రంగా వస్తుందేమోనే? ఒకాయన చూసిపెడతానంటున్నాడు" అంది.

చూసిపెట్టడం అంటే ఏమిటో మనందరికీ తెలుసు. వేరేవాళ్ల ఎక్స్-రే మీద మనవాడి పేరు పెట్టడం. నాకు కోపం వచ్చింది, ఆ తర్వాత జాలేసింది. అక్క అబద్ధాలాడే మనిషి కాదు. టీబీ అన్న మాట వినగానే సీటు, పాస్, పెళ్లి సంబంధాలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి ఆమెకు.

నేను డాక్టర్ని కాదు. గుంటూరులో మైక్రోబయాలజీతో బీఎస్సీ చేసి, పెళ్లయ్యాక ఇల్లు చూసుకుంటున్నదాన్ని. అయినా ప్రతి ఏడూ మే నుంచి ఆగస్టు దాకా మన తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. వచ్చే జవాబుల్లో సగం తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

సింగపూర్ స్టూడెంట్ పాస్‌కి అడిగే ఛాతీ ఎక్స్-రే చూసేది ఒక్కటే: ఊపిరితిత్తుల్లో ఇప్పుడు జబ్బు ఉందా, పక్కవాళ్లకు అంటుకునే స్థితిలో ఉందా అని. సూక్ష్మజీవి ఒంట్లోకి చేరి, రోగనిరోధక శక్తి దాన్ని కట్టేసి ఉంచితే దగ్గు రాదు, జ్వరం రాదు, ఎక్స్-రేలో ఏమీ కనిపించదు. దాన్ని లేటెంట్ టీబీ అంటారు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఏదో ఒక సమయంలో ఈ సూక్ష్మజీవి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో జీవితకాలంలో జబ్బుగా మారేది 5 నుంచి 10 శాతం మందికే. అందులోనూ ఎక్కువ భాగం సోకిన మొదటి రెండేళ్లలో.

అంటే ఎక్స్-రే శుభ్రంగా వచ్చినంత మాత్రాన కథ అయిపోలేదు, మచ్చ కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. మచ్చ పాత గాయం మానిన గుర్తు కావచ్చు. అది తేల్చేది కళ్లె. ట్రూనాట్ లాంటి పరీక్షలు కొన్ని గంటల్లో ఫలితం చెబుతాయి. కల్చర్ మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు తీసుకుంటుంది, ఎందుకంటే ఈ సూక్ష్మజీవి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మామూలు బ్యాక్టీరియా కొన్ని ఇరవై, ముప్ఫై నిమిషాలకే రెండింతలవుతాయి, దీనికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆలస్యానికి కారణం ఇదే తప్ప ఎవరి నిర్లక్ష్యమూ కాదు. అందుకే ఆగస్టులో చేరాల్సిన పిల్లలు జూలై దాకా ఆగకుండా, ఫారం చేతికి రాగానే ఎక్స్-రే తీయించుకుంటే మంచిది.

ఇక రెండో కథ. మా బ్లాకులోనే ఉండే రాజమండ్రి వదినవాళ్ల అమ్మాయి అమెరికా వెళుతోంది. కాలేజీ పంపిన ఆరోగ్య ఫారంలో ఏ దేశంలో పుట్టారు, ఎక్కడ నివసించారు అని అడిగి, కింద టీబీ రక్తపరీక్ష అడిగారు. వదినకు ఒళ్లు మండింది. "ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, దీనికి టీబీ ఎక్కడిది? ఇండియన్ పేరు చూసి అడిగారు" అంది.

పేరు చూసి కాదు. అమెరికా కాలేజీల్లో చాలావాటికి లక్ష జనాభాకు ఏటా 20 కంటే ఎక్కువ కేసులుండే దేశాల జాబితాయే ఆధారం. ఆ లెక్కన సింగపూర్ కూడా అందులో ఉంటుంది. ఇంత శుభ్రమైన ఊళ్లో కూడా స్థానికుల్లోనే ఏటా వెయ్యికి పైగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ఇక్కడి సాటా అనే ఆరోగ్య సంస్థ 1947లో మొదలైందే టీబీని ఎదుర్కోవడానికి. 2016 జూన్‌లో ఆంగ్ మో కియోలో 203వ బ్లాకు వాళ్లందరికీ ఉచితంగా పరీక్షలు చేశారు, కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మందులకు లొంగని టీబీ అక్కడ నాలుగు ఇళ్లలో ఆరుగురికి వచ్చింది. మొదటి కేసు 2012 ఫిబ్రవరిలో, ఆఖరిది 2016 మేలో తేలాయి. నాలుగేళ్లు! అంత నిదానంగా నడిచే జబ్బును దేశంలోకి వచ్చిన రోజు తీసిన ఒక్క ఎక్స్-రేతో ఆపేశామనుకోవడం కుదరదు.

అమ్మాయి రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. వదిన రెండు రోజులు తలుపు తీయలేదు. "చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్లే" అని ఎవరో చెప్పారట. చేతి మీద సూది గుచ్చి చూసే మాంటూ పరీక్షలో ఆ పొరపాటుకు అవకాశం ఉంది. ఈ రక్తపరీక్షలో వాడే ప్రొటీన్లు బీసీజీ టీకాలోని సూక్ష్మజీవిలో ఉండవు, కాబట్టి ఆ సాకు పనికిరాదు. ఎక్స్-రే తీస్తే శుభ్రంగా ఉంది. అంటే లేటెంట్. రాజమండ్రిలో దగ్గే తాతగారి నుంచి వచ్చిందా, ఇక్కడి బస్సులోనా అనేది ఏ పరీక్షా చెప్పదు. డాక్టరు నాలుగు నెలల రిఫాంపిసిన్ రాశారు. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, కంగారు పడొద్దని ముందే చెప్పారు. పాజిటివ్ వచ్చినా ఎక్స్-రే శుభ్రంగా ఉంటే సాధారణంగా కాలేజీలో చేరకుండా ఆపరు. జబ్బు లేనప్పుడే మందు వేసుకునే అవకాశం దొరికింది, నిజానికి ఆ అమ్మాయి అదృష్టవంతురాలు. వదినతో ఈ మాట అనడానికి నాకు వారం పట్టింది.

ఇక్కడ ఇంకో సంగతి. అమెరికా కాలేజీలు ఎమ్ఎమ్ఆర్ టీకా కూడా అడుగుతాయి. అది వేయించుకున్న రోజునే టీబీ పరీక్ష చేయించుకోవాలి, లేదంటే కనీసం నాలుగు వారాలు ఆగాలి. మధ్యలో చేస్తే ఉన్న ఇన్ఫెక్షన్ కూడా కనిపించకుండా పోవచ్చు.

నన్నడిగితే రెండు పద్ధతుల్లోనూ లోపం ఉంది. సింగపూర్ ఎక్స్-రే నిద్రపోతున్నదాన్ని చూడదు. అమెరికా ఫారం దాన్ని చూస్తుంది కానీ దేశాల జాబితా పట్టుకుని మొదలుపెడుతుంది. పాస్‌పోర్టు కంటే ఇంట్లో దగ్గుతున్న మనిషితో గడిపిన రెండు నెలల వేసవి సెలవులే ముఖ్యం. అంతకన్నా పెద్ద లోపం మరొకటి. పాజిటివ్ వస్తే ఏమవుతుందో కుటుంబానికి ముందుగా ఎవరూ చెప్పరు. ఫీజుల గురించి, హాస్టల్ గురించి గంటలు గంటలు చెప్పే కన్సల్టెన్సీలు దీని గురించి నోరు విప్పవు. తెలియనప్పుడు జనం దాచుకుంటారు, చూసిపెట్టేవాళ్ల దగ్గరికి వెళతారు. అప్పుడు పరీక్ష పెట్టిన ఉద్దేశమే పోతుంది.

అక్కకు నేను చెప్పింది ఇది. నిజంగా జబ్బే ఉంటే ఆరు నెలల మందు, మన దగ్గర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మందులకు లొంగే టీబీ అయితే మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. సీటు వాయిదా వేయమని యూనివర్సిటీని అడగొచ్చు. దొంగ ఎక్స్-రేతో వస్తే, హాస్టల్ గదిలో పక్క మంచం మీద పడుకునేది కూడా ఒక తల్లి బిడ్డే. దొరికితే పాస్ పోతుంది, దొరక్కపోతే వాడి ఊపిరితిత్తి పోతుంది.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, వాడి కంచం, గ్లాసు వేరుగా పెట్టానని చెప్పింది. నాకు అదే ఎక్కువ బాధనిపించింది. టీబీ కంచాల వల్ల రాదు, గాలి వల్ల వస్తుంది. మద్రాసులో 1956లో మొదలైన అధ్యయనం ఇంట్లో ఉండి మందు వాడినవాళ్లనీ, శానిటోరియంలో ఉన్నవాళ్లనీ పోల్చింది. రోగి ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబానికి అదనపు ముప్పు లేదని తేల్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి శానిటోరియం నడిచిన నేల మనది. ఇన్నేళ్ల తర్వాత కూడా పద్దెనిమిదేళ్ల పిల్లవాడు వంటగది బయట కూర్చుని తింటున్నాడు.

కళ్లె ఇచ్చి వచ్చారు. ట్రూనాట్‌లో ఏమీ లేదు. కల్చర్ ఫలితం జూలై రెండో వారానికి వస్తుందన్నారు. వాడు యూనివర్సిటీకి ఉన్నదున్నట్టు మెయిల్ రాశాడు. నిన్న వీడియో కాల్‌లో, "పిన్నీ, అమ్మ నా కంచం లోపల పెట్టేసింది" అన్నాడు.