సాజ్‌ని బతికించేది మరమ్మతు చేసే చేయి

మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఒకసారి అడిగి చూడండి, వీట్‌స్టోన్ అంటే ఎవరని. తడుముకోకుండా జవాబిస్తారు. ఫిజిక్స్‌లో వీట్‌స్టోన్ బ్రిడ్జి ఉంది, తెలియని రెసిస్టెన్స్‌ను దాంతో కనుక్కుంటారు అని. ఎంట్రెన్స్ పరీక్షలో వచ్చే లెక్క కూడా చేసి చూపిస్తారు. మాషా అల్లాహ్. కానీ ఆ చార్లెస్ వీట్‌స్టోన్ సాహెబ్ సాజులు చేసి అమ్ముకునే ఖాందాన్ మనిషని, తనూ లండన్‌లో అదే కారోబార్‌లో పనిచేశాడని, కాన్సర్టీనా అనే సాజ్ ఆయన ఈజాదేనని ఏ గైడ్‌లోనూ రాయరు. 1829లో ఆయన తీసుకున్న పేటెంట్‌లో మొదలైన ఆలోచన 1844 పేటెంట్‌లో పూర్తి రూపు కట్టింది. చేతిపని, ఇల్మ్ రెండూ ఆ ఒక్క మనిషిలో కలిసి ఉన్నాయి. మనం మాత్రం పిల్లలకు బ్రిడ్జి నేర్పి పెట్టెను వదిలేశాం.

కాన్సర్టీనా అంటే రెండు చేతుల మధ్య పట్టే చిన్న పెట్టె. ఎక్కువగా ఆరు పలకలుగా ఉంటుంది. నడుమ మడతల తిత్తి, రెండు వైపులా బొత్తాములు. తిత్తిని లాగినా నొక్కినా లోపలి గాలి సన్నటి లోహపు రీడ్ మీదుగా పోతుంది, రీడ్ వణుకుతుంది, సుర్ పుడుతుంది. ఈ ముక్క చదవగానే మీకు హార్మోనియం గుర్తొచ్చి ఉంటుంది. నిజమే, హార్మోనియంకి ఇది చచేరీ బెహెన్. 1840 ప్రాంతంలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబైన్ హార్మోనియంకి పేటెంట్ తీసుకున్నాడు. కాళ్ళతో తొక్కి వాయించే ఆ పెద్ద పెట్టెను కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టి ఇంకో చేత్తో వాయించే పెట్టెగా మార్చాడు. రెండు సాజులదీ ఒకే నసల్. అందుకే ఒకదాని కథ ఇంకొకదానికి సబక్ అవుతుంది.

నా మాట సూటిగా చెప్తాను. ఏ సాజ్ అయినా వాయించేవాళ్ళ వల్లే బతుకుతుందని మనం అనుకుంటాం. ఉస్తాద్ ఫలానా, ఖవ్వాల్ ఫలానా అని పేర్లు చెప్పుకుంటాం. నిజానికి సాజ్‌ని ఒక తరం నుంచి ఇంకో తరానికి దాటించేది మరమ్మతు చేసే కారీగర్. ఆ కారీగర్‌కి మన సమాజంలో ఇజ్జత్ లేదు, సరైన ఉజ్రత్ లేదు, షాగిర్ద్ లేడు. ఇది ఇలాగే నడిస్తే మన హార్మోనియంలు శోకేసుల్లో సామాన్లుగా మిగులుతాయి.

కాన్సర్టీనాకి ఏమైందో చూడండి. విక్టోరియా రాణి జమానాలో ఇంగ్లండ్‌లో అది మొదట దొరల దీవాన్‌ఖానాల్లో ఉండేది. తర్వాత కార్మికుల చేతికొచ్చింది, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు వీధుల్లో వాయించారు. ఇరవయ్యో శతాబ్దంలో గ్రామఫోన్, రేడియో, పియానో అకార్డియన్ వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. లాషెనాల్ అనే పెద్ద కార్ఖానా 1930లలో మూతపడింది. వీట్‌స్టోన్ పేరుతో నడిచిన కంపెనీ 1960లు వచ్చేసరికి నామ్‌కే వాస్తే మిగిలింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి జవాన్లకు జానపద పాటల మీద షౌఖ్ పుట్టి కాన్సర్టీనా కావాలన్నారు. కొత్తవి చేసేవాళ్ళు దాదాపు లేరు. అటకల మీదా పాత సామాన్ల అంగళ్ళలోనూ యాభై ఏళ్ళవీ డెబ్భై ఏళ్ళవీ దొరికాయి. తిత్తి చిరిగి, రీడ్లు తుప్పు పట్టి, తోలు ఎండిపోయి ఉన్నాయి.

అప్పుడు వాటిని విప్పి బాగుచేయడానికి కొందరు కూర్చున్నారు. పాత పెట్టెలను విప్పుతూ, లోపలి కొలతలు రాసుకుంటూ నేర్చుకున్నారు. అలా బాగుచేసిన చేతుల్లో కొన్ని తర్వాత కొత్తవి కూడా చేశాయి. మరమ్మతే వాళ్ళకు మదర్సా అయింది. ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో కాన్సర్టీనా ఒకప్పుడు ఇళ్ళల్లో ఆడవాళ్ళ సాజ్‌గా పేరు పడింది. ఇవాళ అక్కడ పిల్లలు క్లాసులకు వెళ్ళి మరీ నేర్చుకుంటున్నారు. ఆ పిల్లల చేతికి వాయించగలిగే పెట్టె అందిందంటే వెనక ఎవరో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నారనే అర్థం.

ఈ పనిని ‘రిపేరు’ అని తేలిగ్గా అనేస్తాం కానీ అందులో ఎంత నజాకత్ ఉందో చాలామందికి తెలియదు. రీడ్ అంటే ఒక కొస బిగించి, ఇంకో కొస వదిలేసిన సన్నటి లోహపు నాలుక. హార్మోనియంలో ఇత్తడిది, మంచి కాన్సర్టీనాల్లో ఉక్కుది. వదిలేసిన కొస దగ్గర కాస్త గీకితే బరువు తగ్గి సుర్ పైకి పోతుంది. బిగించిన మొదలు దగ్గర గీకితే నాలుక మెత్తబడి సుర్ కిందికి దిగుతుంది. గీకిన లోహం తిరిగి రాదు. తొందరపడి రెండు గీతలు ఎక్కువ గీకితే దాన్ని సరిచేయడానికి ఇంకో చివర గీకాలి, అలా గీకి గీకి రీడ్ పలచబడి ఓ రోజు విరిగిపోతుంది. కాబట్టి మంచి కారీగర్ ముందు ఆకురాయి తీయడు. రీడ్ మీద దుమ్ము ఉందా, వెంట్రుక ఇరుక్కుందా అని చూస్తాడు. పలకని రీడ్లలో చాలావాటికి సఫాయీ చాలు.

కాన్సర్టీనా మరమ్మతులో ఇంకో సంగతి ఉంది. తొలినాటి ఇంగ్లీషు కాన్సర్టీనాల్లో మనం ఒకే మెట్టుగా వాయించే కొన్ని సురాలకు రెండేసి బొత్తాములు ఉంటాయి, వాటి మధ్య చిన్న ఫరఖ్‌తో. అది ఆ జమానా ట్యూనింగ్ తరీఖా. తెలియని మనిషి పాతది తప్పనుకుని మొత్తం ఇవాళ్టి లెక్కకు గీకేస్తే వంద ఏళ్ళకు పైబడిన ఒక గవాహీ చెరిగిపోయినట్టే. అందుకే అక్కడి తెలిసినవాళ్ళు చేయి పెట్టే ముందే ప్రతి రీడ్ ఏ సుర్‌లో ఉందో కాగితం మీద రాసుకుంటారు. ఎంత చేయాలో తెలియడం హునర్. ఎక్కడ ఆగాలో తెలియడం అంతకంటే పెద్ద హునర్. ఇంకొకరి వస్తువు మన చేతిలో ఉన్నంతసేపూ అది అమానత్.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హార్మోనియంకి గడ్డు రోజులు కొత్తేమీ కాదు. ఇందులో మీండ్ పలకదు, ఇది మన సంగీతానికి పనికిరాదు అని 1940లో ఆల్ ఇండియా రేడియో దాన్ని బయట పెట్టింది. ముప్పై ఏళ్ళ దాకా తలుపు తీయలేదు. అయినా హార్మోనియం చావలేదు. ఉర్సుల్లో ఖవ్వాలీ దాన్ని మోసింది. హైదరాబాద్ ఖవ్వాలీకి పేరు తెచ్చిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ లాంటివాళ్ళ మెహఫిళ్ళలో అది మోగింది. అటు సురభి నాటకాల్లో, పద్య నాటకాల్లో రాగం తీసే నటుడికి రాత్రంతా శ్రుతి పట్టుకుని నిలబడింది. సర్కారీ హుకుం దాన్ని ఏమీ చేయలేకపోయింది. మన లాపర్వాహీ చేసేట్టుంది.

దాదాజాన్‌దో నానాజాన్‌దో హార్మోనియం అటక మీద ఉన్న ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు. వానాకాలం తేమకి చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కుంటాయి. లోపలి తోలు గట్టిపడుతుంది. ఎలుకలు తిత్తిని కొరుకుతాయి. ఇల్లు సున్నం వేసే రోజున దించి చూసి, ‘ఖరాబ్ హోగయా’ అని ఒక్క మాట అనేసి కబాడీవాలాకి ఇచ్చేస్తాం. అలా ఇచ్చే ముందు ఒక్క పని చేయండి. స్టాపర్లన్నీ మూసి తిత్తి నింపండి. నెమ్మదిగా ఖాళీ అవుతుంటే గాలి నిలుస్తున్నట్టే, పెట్టెలో జాన్ ఉన్నట్టే. వెంటనే కూలిపోతే ఎక్కడో కారుతోందని అర్థం. తోలు, అతుకులు కొత్తవి వేస్తే చాలావరకు బాగవుతుంది. రీడ్ విరిగితే కూడా బదులు దొరుకుతుంది, గుజరాత్‌లోని పాలీతానాలో ఇప్పటికీ రీడ్లు తయారవుతాయి. సామాను కొరత కంటే దాన్ని సరిగ్గా కూర్చే చేతుల కొరతే ఎక్కువ.

ఆ చేతులు ఎందుకు తగ్గిపోతున్నాయో మన బేరాలే చెప్తాయి. సెల్‌ఫోన్ స్క్రీన్ పగిలితే షాపువాడు చెప్పిన ఖీమత్ గొణుక్కుంటూ అయినా ఇస్తాం. హార్మోనియం కారీగర్ రెండు రోజులు కూర్చుని ఒక్కో రీడ్‌నీ చెవితో వింటూ కలిపితే, ‘గీకినందుకే ఇంతా’ అంటాం. అతను గీకకుండా వదిలేసిన చోటుకి కూడా ఖీమత్ ఉందని మనకు తోచదు. మజ్దూర్ చెమట ఆరకముందే ఉజ్రత్ ఇమ్మన్న హదీస్ జుమా బయానుల్లో వింటూనే ఉంటాం. చెమట కనిపించని పనికి ఆ హుకుం వర్తించదనుకుంటున్నామా? అలా బేరమాడే మనమే, ‘ఉస్తాద్, మీ బేటా ఈ పని నేర్చుకోలేదా’ అని అఫ్సోస్ పడతాం. ఏం చూసి నేర్చుకోవాలి ఆ పిల్లవాడు?

ఇక్కడ కొందరు అనే మాట నాకు తెలుసు. సాజ్ జాయిజేనా అని. ఈ మసలా మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఎప్పటినుంచో ఉంది, దాన్ని తేల్చే ఇల్మ్ గానీ హక్ గానీ నాకు లేవు. సాజ్‌కి దూరంగా ఉండే ఇళ్ళ పర్హేజ్‌ని ఇజ్జత్ చేస్తాను. అలాంటివాళ్ళు ఈ మాటల్లో హార్మోనియం తీసేసి రఫూగర్‌నో, ఘడీసాజ్‌నో, పాత కితాబులకు అట్టలు కట్టే జిల్ద్‌సాజ్‌నో పెట్టి చదువుకోండి. బాధ మారదు. అసలు మన జబాన్‌లోనే చూడండి. వాయించేదీ సాజే, ఘడీసాజ్‌లో చేసేవాడూ సాజే. ఫార్సీలో రెండూ ‘సాఖ్తన్’ నుంచే వచ్చాయి, అంటే తయారుచేయడం. దావూద్ అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేసేవారని ఖుర్ఆన్ చెప్తుంది. జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగి అని హదీస్‌లో ఉంది. పైగంబర్లు చేసిన చేతిపనికి రిష్తాలు చూసేటప్పుడు మాత్రం మనం ముఖం చిట్లిస్తాం.

ఇంకో మాట కూడా అంటారు. ఫోన్‌లో యాప్ ఉంది, కీబోర్డ్ ఉంది, కొత్త హార్మోనియం కొనుక్కోవచ్చు, పాతదాంతో ఏం పని అని. కొనుక్కోండి, ఎవరొద్దన్నారు? కానీ కొత్త పెట్టె రీడ్లు కూడా వాయించే కొద్దీ కాస్త జారతాయి, వాటినీ ఎవరో ఒకరు కలపాలి. మరమ్మతు తెలిసిన మనిషి ఊళ్ళో లేకపోతే ప్రతి కొత్త పెట్టే కొన్నేళ్ళకు పాత పెట్టే అవుతుంది.

ఒక్క హార్మోనియం మరమ్మతు మీదే ఇల్లు గడుస్తుందని నేను అనను. పిల్లల చదువు మానిపించమనీ అనడం లేదు. చదువుతోపాటు వారానికి ఒక పూట ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టమంటున్నాను. వడ్రంగం తెలిసినవాడికీ, ఎలక్ట్రానిక్ కీబోర్డులు బాగుచేసేవాడికీ ఇది రెండో హునర్‌గా కలిసొస్తుంది. అమ్మాయిలకు కూడా. జర్దోజీ సూది పట్టే వేళ్ళకు రీడ్ పట్టడం కష్టమేమీ కాదు. నేర్పేటప్పుడు ఉస్తాద్‌కి పోయే టైముకు నజరానా మనం కలిసి ఇవ్వాలి. మెహఫిల్ పెట్టించే కమిటీలు ఖవ్వాల్‌కి ఇచ్చే దాంట్లోంచి కాకుండా, విడిగా కారీగర్‌కి ఓ హిస్సా తీసి పెట్టొచ్చు. స్టేజీ మీద పేర్లు చదివేటప్పుడు పెట్టె కలిపిన మనిషి పేరు కూడా చదవొచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

మన ఊళ్ళల్లో ఈ పని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు, వయసు మీదపడి. వాళ్ళ చెవి పనిచేస్తున్నప్పుడే, చేయి వణకకముందే వెళ్ళండి. అటక మీది పెట్టెను వెంట తీసుకెళ్ళండి. చెప్పిన ఖీమత్ ఇచ్చి, ‘ఉస్తాద్, విప్పేటప్పుడు మా పిల్లవాడు పక్కన కూర్చుని చూడొచ్చా’ అని అడగండి.