అవధి యెరుగని నిరీక్షణము

భరతముని నాట్యశాస్త్రమున పేర్కొన్న అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృక యొకతె. భర్త కార్యార్థియై దూరదేశమునకు పోగా ఇంట నిలిచి యెదురుచూచునది. ఆమె కన్నీటిని మన కవులు తరతరములుగా వర్ణించిరి. ఉపాధ్యాయులు తరగతి గదులలో వ్యాఖ్యానించిరి. విద్యార్థులు పరీక్షలలో లక్షణము వ్రాసి మార్కులు పొందిరి. అయితే ఆ వర్ణనలలో తరచుగా మన దృష్టికి రాని సంగతి యొకటి కలదు. ఆమె నిరీక్షణమునకు అవధి యుండును. మేఘసందేశమున యక్షుని శాపము ఏడాది. కథ యారంభమగునాటికి మిగిలినది నాలుగు నెలలు. అలకాపురమున అతని భార్య గడపమీద పూవుల నుంచి మిగిలిన నెలలను లెక్కించుకొనును. ఊర్మిళకు పదునాలుగేండ్లు, దీర్ఘమే, అయినను లెక్క యున్నది. లెక్కకు లొంగిన దుఃఖమును మనుష్యుడు ఎట్లో మోయును.

లెక్కకు లొంగని నిరీక్షణము వేరు. నావికుల ఇండ్లలో నేడు కనబడునది అదియే. యుద్ధనౌకపై పోయినవాని మాట కాదు మేము చెప్పబోవునది. వానికైనను తిరిగివచ్చుటకు సుమారైన గడువు నొకదానిని చెప్పుదురు. శిక్షణము ముగియవచ్చినది, ఇక నే రేవునకు పంపుదురో, భార్యాబిడ్డలను వెంట పోనిత్తురో లేదో తెలుపు ఉత్తరువు మాత్రము రాలేదు. అట్టి సంసారముల సంగతి యిది. స్వల్పవిషయమని త్రోసివేయువారు కలరు. మే మట్లు తలంపజాలము.

ఈ వ్యవహారపు నిబంధనలు బహిరంగముగ తెలియవచ్చునది అమెరికా నౌకాదళమున గనుక అచ్చటి తీరును మొదట చూతము. సామాన్య నావికుడుగా చేరిన ప్రతివాడును తొలుత ఇల్లినాయి రాష్ట్రమున, మిచిగన్ సరస్సు తీరముననున్న గ్రేట్ లేక్స్ కేంద్రమునకు పోవలెను. 1911లో ఆరంభమైన శిక్షణస్థల మది. 1990 దశాబ్దమున శాండియాగో, ఒర్లాండో కేంద్రములు మూతపడిన పిదప ఆ పనికి అదియొక్కటియే మిగిలినది. అచ్చట కవాతు ముగియగానే 'ఏ స్కూలు' అని వారు పిలుచు వృత్తివిద్యాలయమునకు పోవుదురు. జలాంతర్గామి విద్యకు కనెక్టికట్ రాష్ట్రమున గ్రాటన్, విమానముల పనులకు ఫ్లారిడాలో పెన్సకోలా, అణుయంత్ర విద్యకు దక్షిణ కరోలినా. కొన్ని చదువులు కొలది వారములలో ముగియును; కొన్ని నెలల తరబడి సాగును.

ఇచ్చట నొక నిబంధన కలదు. ఒకేచోట శిక్షణము 20 వారములు గాని, అంతకు మించి గాని సాగునదైనచో దానిని స్థానపరివర్తనముగ నెంచి కుటుంబమును ప్రభుత్వవ్యయమున తరలింతురు. అంతకు తక్కువైనచో అది తాత్కాలికము. భార్య ఉన్నచోటనే యుండవలెను. 19 వారముల చదువువాని భార్య పుట్టింట నిలిచిపోవును; 21 వారములవాని భార్య సామాను లారీ కెక్కించి భర్తను చేరుకొనవచ్చును. రెండు వారముల తేడాలో సంసారపు రూపమే మారిపోవుచున్నది. గీత ఎక్కడనో ఒకచోట గీయవలసినదే, కాదనము. గీతకు ఈవలి వైపున నున్నవారిని గూర్చి ఎవరు ఆలోచించిరన్నదే ప్రశ్న.

ఉత్తరువు చేతికి వచ్చువరకు ఆ ఇంట నేమేమి జరుగజాలదో గమనింపుడు. సామాను మూటగట్టి చేరవేయువారు తేదీ యియ్యరు. నౌకాదళపు గృహమునకై పెట్టుకొన్న దరఖాస్తు ముందునకు సాగదు. అద్దె యింటి యొడంబడికను గడువునకు ముందే విడిపించుకొనుటకు 2003 నాటి చట్టము సైనికునకు హక్కు నిచ్చుచున్నది. ఆ హక్కును చెల్లించుకొనుటకు యజమానికి చూపవలసినది మరల ఆ ఉత్తరువు ప్రతినే. ఆమె ఉద్యోగిని యైనచో రాజీనామా ఎప్పుడు వ్రాయవలెను? ముందుగ వ్రాసిన జీతము పోవును. వ్రాయకున్న హఠాత్తుగ పోవలసివచ్చి మాట పోవును. పిల్లవానిని ఈ యేడు ఏ బడిలో చేర్చవలెను? గర్భిణి యైనచో ప్రసవము ఏ ఊర, ఏ వైద్యుని చేత? "నార్ఫోక్ అని అనుకొనుచున్నారు, శాండియాగో కూడ కావచ్చును" అని భర్త ఫోనులో చెప్పిన మాట ఏ కార్యాలయమునందును చెల్లదు. ఆ రెండు రేవుల నడుమ ఖండమంతయు నున్నది.

విదేశమునకు, అనగా జపానులోని యొకొసుకాకో, స్పెయినులోని రోటాకో, ఇటలీలోని నేపుల్సుకో పంపునపుడు ఉత్తరువుతోనైనను కథ ముగియదు. కుటుంబమున ప్రతివారి ఆరోగ్యమును పరీక్షించి, అచ్చటి వైద్యశాలలో వారికి వలయు చికిత్స దొరకునని తేలిన పిమ్మటగాని అనుమతి రాదు. అది న్యాయమే. ఆస్త్మా కలిగిన బిడ్డను మందు దొరకని తావునకు తీసికొనిపోవుట కంటె ఆగుట మేలు. అయినను ఒక నిరీక్షణముపై మరియొకటి పేర్చినట్లగుచున్నది.

వారి పరిభాషలో ఈ తరలింపునకు 'పర్మనెంట్ చేంజ్ ఆఫ్ స్టేషన్' అని పేరు. రెండు మూడేండ్లకొకమారు వచ్చు మార్పునకు శాశ్వతమని పేరిడిన యధికారి ఎవరో కాని, వ్యాకరణము తెలిసినవాడు కాడు. పరిహాసము తెలిసినవాడై యుండును.

ఉపాధ్యాయులకు దగ్గరి సంగతి యొకటి చెప్పుదుము. ఆ దేశమున బోధనార్హతాపత్రము రాష్ట్రమున కొకటి. వర్జీనియాలో పదేండ్లు పాఠము చెప్పిన పంతులమ్మ, భర్త వెంట కాలిఫోర్నియాకు పోయిన మరునాడు అర్హత లేనిది యగుచుండెను. ఇట్టి భార్యల గోడు విని, 2009లో వారు తమ స్వరాష్ట్ర నివాసమును పన్నుల విషయమున నిలుపుకొనునట్లు చట్టము చేసిరి. 2023 జనవరిలో వృత్తిపత్రములు క్రొత్త రాష్ట్రమునందును చెల్లునట్లు మరియొకటి చేసిరి. అదే యేట ఉపాధ్యాయుల పత్రములను పరస్పరము గుర్తించు రాష్ట్రముల యొడంబడికయు అమలులోనికి వచ్చెను. మెచ్చదగిన పనులు. కాని వృత్తిపత్రపు చట్టము సైతము ఉత్తరువు ప్రతిని అడుగునదే. ఉత్తరువునకు ముందటి ఆ శూన్యమైన వారములకు చట్టసభలో ఎవ్వరును పేరు పెట్టలేదు.

సైనికవ్యవహారమున గోప్యత యుండవలదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. నౌక ఏనాడు, ఏ దిక్కునకు సాగునో గోప్యమే. దానిని భార్యకును చెప్పరాదు. కాని ఫలానా నావికుడు ఫలానా రేవులో ఉద్యోగమునకు పోవునన్నది శత్రువునకు పనికివచ్చు రహస్యము కాదు. ఆలస్యమునకు కారణము పెక్కుచోట్ల బల్లమీది దస్త్రము, ఖాళీల లెక్క, బడ్జెటు. వీనికి దేశరక్షణ యను పెద్దపేరు పెట్టరాదు.

మన తీరమున ఈ ప్రశ్న లేదనుకొనుట పొరపాటు. 1968 నుండి తూర్పు నౌకాదళమునకు విశాఖపట్టణము స్థానము. అచ్చటి స్థావరమునకు సర్కార్స్ అనియు, జలాంతర్గామి విద్యాలయమునకు శాతవాహన అనియు పేర్లు. రెండును మన చరిత్రపాఠములోనివే. మన నావికుడు ఒరిస్సాలోని చిల్కాలో తొలివిద్య నేర్చి, పిమ్మట లోనావాలా, జాంనగరు, కొచ్చి మొదలగు చోట్ల వృత్తివిద్య నేర్చును. 2022లో వచ్చిన అగ్నిపథ పద్ధతిలో చేరువారు అవివాహితులై యుండవలెను. 2023 మార్చిలో చిల్కానుండి వెలువడిన తొలి జట్టులో దాదాపు 2,600 మంది యుండగా, 270 మందికి పైగా స్త్రీలు. కనుక తొలి శిక్షణమున భార్యల ప్రశ్న మనకు లేదు. వివాహితుడైన పిమ్మట పై కోర్సులకు పోవునపుడు, అవి ముగిసి బదిలీ కాగితము రావలసినపుడు ఆ ప్రశ్న వచ్చును. శ్రీకాకుళ మండలమున అత్తవారింట నుండు ఇల్లాలు ముంబయినుండి ఆ కాగితము కదలినదా లేదా యని ఫోను చూచుకొనుచుండును. క్వార్టర్సు వరుస రానిచో గాజువాకలోనో, మల్కాపురములోనో అద్దెయిల్లు వెదకవలెను; వెదకుటకైనను విశాఖయే యని రూఢి కావలెను గదా.

శిక్షణము ముగియు దినము దాని తొలినాడే తెలిసియుండును. అట్టిచో ఉత్తరువు కనీసము రెండు మాసములు ముందుగ ఏల యియ్యరాదు? ఇయ్యజాలనిచో, ఎన్నటికి నిత్తుమో ఆ తేదీ నైనను వ్రాసి పంపవచ్చును. ఆ తేదీ దూరమైనను ఇల్లాండ్రు ఓర్తురు.

విద్యాలోకము చేయదగిన పని ప్రభుత్వముల కొరకు ఆగనక్కరలేదు. బదిలీ కుటుంబముల బిడ్డల కొరకే 1963లో ఇరువది రెజిమెంటల్ పాఠశాలలతో కేంద్రీయ విద్యాలయముల పథకము ఆరంభమైనది. వానిలో స్థలము దొరకనివారు మన ఊరి బడులకు వత్తురు. కొచ్చినుండి నడుమ సంవత్సరమున వచ్చిన పిల్లవానికి తెలుగు అక్షరములు క్రొత్త, స్నేహితులు క్రొత్త. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఎనిమిదవ తరగతి వరకు బదిలీపత్రము ఆలస్యమైనదను కారణమున ప్రవేశమును నిరాకరింపరాదు, ఆలస్యము చేయరాదు. కాగితములింకను రాలేదని తల్లి గుమ్మమున నిలిచి చెప్పినపుడు, వచ్చిన పిమ్మట రమ్మనక, ఆ బిడ్డ చేతికి వాచకమిచ్చి ఆనాడే బల్లమీద కూర్చుండబెట్టుటకు ఏ ప్రధానోపాధ్యాయునకును ఎవరి యుత్తరువును అక్కరలేదు.